తిరుపతిలో ఇల్లు కొనేటప్పుడు: ఏరియా సంగతి తర్వాత, ముందు వీధి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీకు రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. మీ ఆవిడ చంద్రగిరి దగ్గర గవర్నమెంటు స్కూల్లో టీచర్. అమ్మగారిని నెలకోసారి స్విమ్స్ ఆస్పత్రిలో చూపించాలి. ప్రస్తుతం కొర్లగుంటలో అద్దెకుంటున్నారు. మంగళం–తిరుమల నగర్ వైపు కట్టిన ఇల్లు ఒకటి, అవిలాల–తుమ్మలగుంట వైపు లేఅవుట్‌లో ప్లాటు ఒకటి, జీవకోన వైపు కొండ కింద పాత ఇల్లు ఒకటి చూశారు. ఈ మూడింటిలో ఏ ఏరియా మంచిది, ఏది రేటు పెరుగుతుంది అని అడిగారు.

నేను బ్యాంకుల తరఫున హోమ్ లోన్ ఇళ్ళకు విలువ కట్టే ఇంజనీరుని. బ్రోకరు చూపించే ముందు గదితోపాటు వాళ్ళు చూపించని వెనక గోడ కూడా చూడాల్సిన పని నాది. ఆ అనుభవంతో చెప్తున్నా: తిరుపతిలో మంచి ఏరియా, చెడ్డ ఏరియా అని విడదీయడం కుదరదు. ఒకే కాలనీలో మూడో వీధికి కార్పొరేషన్ నీళ్ళు బాగా వస్తాయి, ఐదో వీధికి ట్యాంకరే దిక్కు. ఒక వరస ఇళ్ళు పక్కా పట్టా భూమిలో ఉంటే, దాని వెనక వరస వంక పోరంబోకులో ఉంటుంది. కాబట్టి ఏరియా పేరు పక్కన పెట్టి, మీరు కొనబోయే ఇంటికి అటూ ఇటూ ఓ వంద గజాలు ఎలా ఉందో చూడాలి. అందులోనూ మొదట చూడాల్సింది నీళ్ళు. వాన నీళ్ళు ఎటు పోతాయి, తాగే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి అన్నవి రెండూ.

వాన సంగతి ముందు చెప్తాను. బయటి ఊళ్ళ నుంచి వచ్చి కొనేవాళ్ళు జూన్, జూలైలో ఇల్లు చూసి, రోడ్డు పొడిగా ఉందని సంతోషపడతారు. మన ఊళ్ళో అసలు పరీక్ష అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు, రెండూ కలిసి వచ్చేది అప్పుడే. 2021 నవంబరు ఇక్కడున్న ఎవరికీ మరపు రాదు. కపిలతీర్థం దగ్గర కొండ మీది నీళ్ళు మెట్లూ మండపమూ తేడా లేకుండా దూకాయి. ఆటోనగర్, గొల్లవానిగుంట, లక్ష్మీపురం సర్కిల్ ప్రాంతాల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. ఎం.ఆర్.పల్లి దగ్గర శ్రీకృష్ణ నగర్‌లో భూమిలో ఉండాల్సిన సంపు సిమెంటు వరలు పైకి లేచి నిలబడ్డాయి. తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయి కట్టిన ఇల్లు నదిలో పడిపోయింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. దానికి ముందు నెలలోనే వెస్ట్ చర్చి రైల్వే అండర్ బ్రిడ్జి నీళ్ళలో బండి చిక్కుకుని కొత్త పెళ్ళికూతురు ప్రాణం పోయింది.

ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. తిరుపతి ఒక వాలులో ఉంది. ఉత్తరాన శేషాచలం కొండలు, దక్షిణాన స్వర్ణముఖి. కొండ మీద పడ్డ వాన ఊరి గుండానే నదికి దిగాలి. ఆ దారిలో పాత వంకలు, చెరువులు, ఒక చెరువు నిండి మొరవ పోతే ఇంకో చెరువుకు నీళ్ళు తీసుకెళ్ళే కాలవలు ఉండేవి. వాటిలో చాలా వాటి మీద ఇప్పుడు ఇళ్ళున్నాయి. నీళ్ళు మాత్రం పాత దారి మర్చిపోలేదు.

మరి ఎండాకాలంలో ఇల్లు చూస్తే ఈ సంగతి ఎలా తెలుస్తుంది? తెలుస్తుంది. నేను ఇంట్లోకి వెళ్ళే ముందు గేటు దగ్గర ఆగుతాను. ఇనప గేటు కింది అంచు చూడండి. ఓ జానెడు ఎత్తు వరకూ తుప్పు, దానిపైన పెయింటు బాగుందంటే, అక్కడి దాకా నీళ్ళు నిలబడ్డాయన్నమాట. కొన్ని గేట్లకు కింది కడ్డీ కోసేసి మళ్ళీ వెల్డింగ్ చేసిన గుర్తు ఉంటుంది. అది ఎందుకంటే, సిమెంటు రోడ్డు మీద మళ్ళీ సిమెంటు రోడ్డు వేసి వేసి వీధి పైకి లేచింది, గేటు తెరుచుకోలేదు, అందుకని కోశారు. అంటే ఇల్లు ఇప్పుడు రోడ్డు కంటే పల్లంలో ఉంది. కొత్తగా సున్నం కొట్టిన ఇంట్లో ముందు గోడ ఏమీ చెప్పదు. వెనక కాంపౌండు గోడకు లోపలి వైపు, మెట్ల కింద, బీరువా వెనక సున్నం పొక్కులు లేచాయా చూడండి. కరెంటు మీటరు బోర్డు ఇరుగుపొరుగు ఇళ్ళన్నిటికీ ఛాతీ ఎత్తు దాటి బిగించి ఉంటే, ఎందుకలా అని అడగండి. సంపు మూత చుట్టూ ఇటుకలతో కట్ట కట్టుకున్న వీధిలో అడగాల్సిన పని కూడా లేదు.

అడిగేది ఎవర్ని అన్నది కూడా ముఖ్యమే. అమ్మేవాణ్ణీ, బ్రోకర్నీ అడిగి లాభం లేదు. ఆ వీధి మొదట్లో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన, టీ అంగడి ఆయన, పాలు పోసే ఆయన, వీళ్ళని అడగండి. అబద్ధం చెప్పడానికి వాళ్ళకు కారణం లేదు. ఒక ఇంటి దగ్గర బ్రోకరు "సార్, ఈడ చుక్క నిలబడదు" అని హామీలిస్తుంటే, పక్కన ఇస్త్రీ చేస్తున్నామె తలెత్తకుండానే "మొన్న వానకు బండి నెత్తికెత్తుకుని పోయినామే" అంది. బ్రోకరుకు వెంటనే ఫోనొచ్చింది.

ఇక తాగే నీళ్ళు. నగరానికి కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్ళు ఆధారం. కార్పొరేషన్ పరిధిలో ఉన్న పాత కాలనీలకు కుళాయి కనెక్షను ఉంటుంది. రోజు విడిచి రోజా, ఎంతసేపు అన్నది వీధిని బట్టి మారుతుంది. తిరుపతి రూరల్ మండలంలోని పంచాయతీల్లో చాలాచోట్ల బోర్లే దిక్కు. పంచాయతీలను కార్పొరేషన్‌లో కలుపుతారనే మాట చాన్నాళ్ళుగా వినబడుతోంది. ఆ మాట నమ్ముకుని ఎక్కువ రేటు పెట్టకండి, కలిపిన మర్నాడే మీ వీధికి పైపులైను రాదు. బోరు ఎంత లోతు, మోటారు ఎన్ని హెచ్‌పీ, మే నెలలో ఎంతసేపు నడుస్తుంది అని అడగండి. బాత్రూము కుళాయి మూతికి తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటే బోరు నీళ్ళ సంగతి అర్థమైపోతుంది. గీజరు కాయిలు, వాషింగ్ మెషీను కూడా అదే ఖర్చులో చేరతాయి. నన్నడిగితే అన్నిటికన్నా నమ్మకమైన సమాచారం ట్యాంకరు డ్రైవరు దగ్గర దొరుకుతుంది. ఏప్రిల్, మేలో ఏ వీధులకు ఎక్కువ ట్రిప్పులు తోలుతాడో వాడికి కంఠతా వచ్చు. ఒక ట్యాంకరు డబ్బులిచ్చి మాట్లాడినా నష్టం లేదు.

డ్రైనేజీ ఒక్క మాటలో: భూగర్భ డ్రైనేజీ ఉందా, సెప్టిక్ ట్యాంకా. సెప్టిక్ అయితే దాన్ని తోడే లారీ ఇంటి దాకా వచ్చే వెడల్పు రోడ్డుకు ఉందా చూడండి.

ఇప్పుడు కాగితాలు. ఇది లాయరు పని అని వదిలేస్తారు చాలామంది, కానీ మన ఊళ్ళో ఇది వీధిని ఎంచుకునే పనిలో భాగం. ఎందుకంటే ఇక్కడ భూమి రకరకాలు. పట్టా భూమి ఉంది, డీకేటీ భూమి ఉంది, టీటీడీ భూములున్నాయి, హథీరాంజీ మఠం భూములున్నాయి, చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు ఉన్నాయి. ఇవన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఒకే రకం డాబాలు, ఒకే రకం తులసికోటలు. కరెంటు మీటరు వచ్చింది, ఇంటి పన్ను కడుతున్నాం, ఇంకేం కావాలి అంటారు. మీటరు, పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కావు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు ముందుకు కదలదు. అందుకే అలాంటి చోట్ల ఇళ్ళు నోటరీ కాగితం మీద చేతులు మారుతుంటాయి. మీ బడ్జెట్టుకు ఆశ్చర్యపోయేంత తక్కువ రేటుకు ఊరి మధ్యలో ఇల్లు వస్తోందంటే మొదటి అనుమానం ఇదే కావాలి. బ్యాంకు లోనూ రాదు, రేపు మీరు అమ్ముకోవాలన్నా నోటరీ మీదే అమ్మాలి.

డీకేటీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రభుత్వం పేదలకు సాగు కోసం ఇచ్చిన భూమి అది. 1977 అసైన్డ్ భూముల చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికి వీల్లేదు. 20 ఏళ్ళు దాటిన అసైన్‌మెంట్లకు 2023లో సడలింపు తెచ్చారు. ఆ సడలింపు భూమి మొదట పొందినవాళ్ళకూ వాళ్ళ వారసులకూ. మధ్యలో ఎవరో అగ్రిమెంటు మీద కొని ప్లాట్లు వేసిన భూమి దానితో తనంతట తాను శుభ్రమైపోదు. "అదంతా ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్" అని (అంటే అమ్ముకునే హక్కు వచ్చేసిందని) ఎవరైనా చెప్తే, ఆ సర్వే నంబరు 22-ఏ నుంచి తీసేసిన కాగితం చూపించమనండి. అంతకంటే వాదన అక్కర్లేదు.

మీరు స్వయంగా చేయగలిగినవి ఇవి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచి ఆన్‌లైన్లో తీసుకోవచ్చు, అంతకు ముందుది ఆఫీసులో అడగాలి. అదే సైటులో నిషేధిత ఆస్తుల జాబితా ఉంది. ప్రభుత్వ 'మీ భూమి' సైటులో అడంగల్, 1-బీ అనే రెవెన్యూ రికార్డులు చూడొచ్చు. వీటితోపాటు సర్వేయర్ని పట్టుకుని ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (హద్దులు, కొలతలు చూపే సర్వే పటం), గ్రామ నక్షా తీయించండి. నక్షాలో వంక, కాలవ, చెరువు గీతలు స్పష్టంగా ఉంటాయి. నేల మీద ఏమీ కనబడకపోయినా కాగితం మీద కాలవ మీ ప్లాటు మూల నుంచి పోతుంటే, 2021 లాంటి వానకు అది మళ్ళీ కనబడుతుంది. చెరువు పక్కనైతే బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలి. లేఅవుట్ బ్రోచరులో దీన్నే లేక్ వ్యూ అని వేస్తారు.

మీరు చూసినవాటిలో ప్లాటు కూడా ఉంది కాబట్టి ఇంకో సంగతి. లేఅవుటుకు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం, ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఉండాలి. "పంచాయతీ అప్రూవ్డ్" అనే బోర్డు చూసి ఆగిపోవద్దు, తుడా పరిధిలో పంచాయతీ ఒక్కటే ఇచ్చే ఆమోదం లేఅవుటుకు చాలదు. ఎల్పీ నంబరు ఉంటే తుడా ఆఫీసులో ప్లాను కాపీ తీసుకుని సైటుకు వెళ్ళి, పార్కు కోసం వదిలిన స్థలం ప్లానులో ఎక్కడుందో అక్కడే నిలబడి చూడండి. లేఅవుట్ విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా స్థానిక సంస్థకు గిఫ్టు డీడ్ చేయాలి. ఆ స్థలంలో ఇప్పటికే ఎవరో పునాదులు తీసి ఉంటే, ఆ లేఅవుట్లో మిగతా మాటలు ఎంతవరకు నిలుస్తాయో ఊహించుకోవచ్చు.

రేటు దగ్గర ఒక చిన్న జాగ్రత్త. మన దగ్గర అంకణాల్లో చెప్తారు. తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు అంకణం 72. గూడూరు, నాయుడుపేట వైపు చుట్టాలు ఫోన్లో "అంత రేటా!" అని నోరెళ్ళబెడితే కంగారుపడకండి, వాళ్ళ అంకణం మనకు రెండు అంకణాలు. సెంటు 48.4 గజాలు, మన లెక్కలో 12 అంకణాల పైచిలుకు. రిజిస్ట్రేషనుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం పక్కన పెట్టుకోండి. ప్లాటైతే దాని మీద కట్టుబడి ఖర్చు, కట్టినన్నాళ్ళూ ఇప్పటి ఇంటి అద్దె కూడా కలపాలి. ఈ అద్దెను లెక్కలో వేసుకునేవాళ్ళు తక్కువ.

వాస్తు గురించి నేను వాదించను. ఇక్కడ ఈశాన్యం పెరగని స్థలం, వీధిపోటు ఉన్న స్థలం తర్వాత అమ్మడం కష్టం, అది మార్కెట్ నిజం. అయితే వాస్తు బాగుందని పల్లంలో ఉన్న ఇల్లు కొన్నవాళ్ళనూ చూశాను. స్కూళ్ళ గురించి కూడా పెద్దగా చెప్పను. అన్ని వైపులకూ బస్సులు వస్తున్నాయి, పిల్లలు పదో తరగతి దాటేలోపు మీ అభిప్రాయమే రెండుసార్లు మారుతుంది.

మీ మూడింటి సంగతికి వస్తాను.

జీవకోన వైపు ఇల్లు. పొద్దున్నే తలుపు తీస్తే కొండ. దానికోసమే మనసు లాగుతోందని మీ రాతలో తెలుస్తోంది, నాకూ అర్థమవుతుంది. స్విమ్స్ దగ్గర, ఊళ్ళోకి దగ్గర. కానీ కొండ కింద మొదటి వరస ఇళ్ళకు వాన నీళ్ళు వేగంగా వస్తాయి. పల్లంలో నీళ్ళు నిలబడి తర్వాత దిగిపోతాయి, ఇక్కడ రాళ్ళనూ మట్టినీ తోసుకుని వస్తాయి. కోతుల బెడద రోజూ ఉంటుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను చంపిన తర్వాత కొండ అంచున చీకటి పడ్డాక పిల్లల్ని బయట వదలడానికి జనం వెనకాడుతున్నారు. అన్నిటికీ మించి, కొండ అంచు స్థలాల్లో అటవీ హద్దు ఎక్కడ, పట్టా ఎక్కడ అన్నది సర్వే రాయి దాకా వెళ్ళి తేల్చుకోవాలి. పాత ఇల్లు అన్నారు కాబట్టి లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు) మూడు దశలు వెనక్కి చూపించగలరా అడగండి. తడబడితే వదిలేయండి.

మంగళం–తిరుమల నగర్ ఇల్లు మీ ఒక్కరి ఉద్యోగానికైతే సరిగ్గా సరిపోతుంది. కరకంబాడి రోడ్డు మీదుగా మీ వైపు దగ్గర, నైట్ షిఫ్టు తర్వాత ఊరు దాటాల్సిన పని లేదు. కరకంబాడిలో అమరరాజా, రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ఉన్నాయి కాబట్టి అద్దెకు ఎప్పుడూ మనుషులు దొరుకుతారు. పెట్టుబడికైతే నేను దీనికే ఓటేస్తాను. మీ ఆవిడ మాత్రం రోజూ ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళాలి. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ వచ్చాక కొంత సులువైంది గానీ, స్కూలు వేళకు లీలామహల్ సర్కిల్ దాటడం ఎలా ఉంటుందో ఒక సోమవారం పొద్దున ఆమెతో కలిసి బండి మీద వెళ్ళి చూడండి. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి చూసే ప్రయాణం లెక్కలోకి రాదు.

అవిలాల–తుమ్మలగుంట వైపు. ఇద్దరి ప్రయాణాలూ కలిపి చూస్తే మీ ఇంటికి ఇదే నప్పుతుంది. చంద్రగిరి దగ్గర, రేణిగుంటకు బైపాస్ ఉంది, ఊరి లోపల దూరే పని లేదు. కంపెనీ బస్సు ఏ స్టాపుల్లో ఆగుతుందో ముందే కనుక్కోండి, నైట్ షిఫ్టుకు అదే ఆధారం. అమ్మగారి ఆస్పత్రి కొంచెం దూరం. నెలకోసారి చూపించడానికి వెళ్ళేందుకు అది పెద్ద లెక్క కాదు. అర్ధరాత్రి అత్యవసరమైనా రోడ్లు ఖాళీగానే ఉంటాయి. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు మాత్రం అలిపిరి వైపు అపాయింట్‌మెంట్ పెట్టుకోకండి.

కానీ ఏరియా సరే, మీరు చూసిన ఆ ప్లాటు మీద నాకు అనుమానం ఉంది. మీరు పంపిన వివరాల్లో లేఅవుటుకు ఒక పక్క చెరువు కట్ట, ఇంకో పక్క ఖాళీ కాలవ ఉందని రాశారు. ఖాళీగా ఉన్నది ఈ నెలలో. ఆ వైపే ఇప్పటికే జనం కాపురముంటున్న పాత లేఅవుట్లో, నాలుగు అంకణాలు తక్కువైనా సరే, కట్టిన ఇల్లు వెతకండి. ఎనిమిదేళ్ళు, పదేళ్ళు వయసున్న ఇల్లు 2021 వానను చూసి ఉంటుంది. ఆ ఇంటి గోడలే సాక్ష్యం చెప్తాయి. కొత్త ప్లాటు తరఫున బ్రోచరు తప్ప ఇంకేదీ మాట్లాడదు.

కుదిరితే కొర్లగుంట ఇల్లు ఖాళీ చేసి, మీకు నచ్చిన వీధిలోనే పదకొండు నెలల అగ్రిమెంటు మీద అద్దెకు దిగండి. అక్టోబరు, నవంబరు అక్కడే గడపండి. ఇల్లు మారే ఖర్చు, అడ్వాన్సు అన్నీ కలిపినా మీరు పెట్టబోయే సొమ్ములో అది చాలా చిన్న మొత్తం. పైగా ఆ వీధిలో ఉంటే అమ్మకానికి వచ్చే ఇల్లు బోర్డు పెట్టకముందే మీకు తెలుస్తుంది, బ్రోకరు కమీషను కూడా మిగలొచ్చు.

ఈలోపు ప్లాటు వాళ్ళు "ఇంకో పార్టీ రెడీగా ఉంది" అని తొందర పెడతారు. టోకెన్ అడ్వాన్సు అయినా సరే ఇప్పుడే ఇవ్వకండి. ఎల్పీ నంబరు, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, 22-ఏలో లేదన్న ప్రింటు, ఈ మూడూ వాట్సాప్‌లో పెట్టమనండి. ఎఫ్‌ఎంబీ వచ్చాక కాలవ గీత ఎటు పోతోందో చూసి నాకు రాయండి, సర్వే నంబరు అంకె కనబడేట్టు ఫోటో తీయండి.